రెబ్బ కోసుకుంటే సరే... కొమ్మే విరిస్తే?

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. గిన్నెలు కడిగి బోర్లించి, కాస్త నడుం వాల్చుదామనుకుంటుండగా ఫోను మోగింది. నంద్యాల నుంచి మేనకోడలు.

“అత్తా, నీ కథ యూట్యూబులో వస్తాంది. ఎవరో ఆమె భలే సదువుతాంది. నీ పేరు గూడా చెప్పింది. మాకు ఒక్క మాటైనా చెప్పలేదే నువ్వు!”

నాకే తెలియదు, ఇంక వాళ్లకేం చెప్పను?

మిడుతూరులో ఉంటూ, ఇంటి పని, పిల్లల చదువుల మధ్య వీలు చూసుకుని ఏడాదికి రెండో మూడో కథలు రాసేదాన్ని నేను. ఆ కథ ఆరేళ్ల కిందట ఒక వారపత్రికలో వచ్చింది. మా అవ్వ జొన్నరొట్టెలు తడుతూ చెప్పిన ఒక మాట పట్టుకుని రాసిన కథ అది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. మొదటి వాక్యం నుంచి ఆఖరి వాక్యం దాకా పొల్లు పోకుండా చదివిందామె. నిజం చెప్పొద్దూ, మొదట సంతోషమే కలిగింది. నేను రాసిన మాటలు ఇంకొకరి గొంతులో వింటుంటే కళ్లు చెమ్మగిల్లాయి.

సాయంత్రం మావారికి కూడా వినిపించాను. అంతా విని ఒక్కటే అడిగారు. “నిన్ను అడిగినారా?”

ఎలాగో ఆమె నంబరు సంపాదించి మాట్లాడాను. ఆమె కూడా నాలాంటి గృహిణే. వేరే ఊరు. “మీ పేరు చెప్పినాను గదక్కా, తప్పేముంది? మీకూ ప్రచారమే గదా” అంది అమాయకంగా. కసరడానికి మనసు రాలేదు. సరేలే అనడానికీ మనసొప్పలేదు.

రెండు నెలలు గడిచాయి. ఆడియో పుస్తకాలు తయారుచేసేవారెవరో నా కథలు కొన్ని అడిగారు. ఆ కథ దగ్గరికొచ్చేసరికి, “అది ఇప్పటికే ఊరికే దొరుకుతోంది కదమ్మా, మళ్లీ డబ్బిచ్చి తీసుకోవడమెందుకు?” అని పక్కన పెట్టేశారు. పోయింది పెద్ద మొత్తమేమీ కాదు. కానీ అది నా కథకు రావలసిన డబ్బు. నా చేతికి, నా పేరుమీద వచ్చే డబ్బు. ఆ విలువ ఎంతో ఇల్లు నడిపే ఆడవాళ్లకు వేరే చెప్పాలా?

అప్పుడు పట్టుబట్టి ఈ కాపీరైటు సంగతేమిటో తెలుసుకోవడం మొదలుపెట్టాను. చట్టం చదివాను, తెలియనివి తెలిసినవారిని అడిగాను. ఎంతసేపూ నాకు మా పెరటి కరివేపాకు చెట్టే గుర్తొచ్చింది. పక్కింటావిడ వచ్చి పోపులోకి రెండు రెబ్బలు కోసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. కొమ్మే విరుచుకుని బజారులో అమ్ముకుంటే? కోర్టులు ఇన్నేళ్లుగా తేలుస్తున్నది ఆ రెబ్బకూ కొమ్మకూ మధ్య తేడానే!

పేరు చెబితే సరిపోతుందా?

మన దేశంలో కాపీరైటు చట్టం 1957లో వచ్చింది. కథ కాగితం మీద పెట్టిన క్షణం నుంచే దాని మీద హక్కు రాసినవారిది. రిజిస్టరు చేయించాలన్న నిబంధన లేదు. చేయిస్తే సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. రచయిత బతికినంత కాలమూ, పోయాక మరో 60 ఏళ్లూ ఆ హక్కు ఉంటుంది. పూర్వం ఇది 50 ఏళ్లే. 1941లో పోయిన రవీంద్రుడి రచనల గడువు ముగిసే సమయంలో, 1992లో దాన్ని 60 చేశారు. గురజాడ 1915లోనే పోయారు కనుక ఆయన రచనలు ఇప్పుడు అందరివీ. 1979లో పోయిన చలం రచనలకు మాత్రం 2039 చివరిదాకా హక్కుదారులుంటారు.

మరి ఎవరూ ముట్టుకోకూడదా? అలా అయితే పుస్తకాల మీద సమీక్షలెలా వస్తాయి? పిల్లలకు పాఠాలెలా చెబుతారు? అందుకే చట్టంలో 52వ సెక్షన్ పెట్టారు. సొంత చదువుకూ, పరిశోధనకూ, విమర్శకూ, సమీక్షకూ, వర్తమాన విషయాల వార్తలకూ ‘ఫెయిర్ డీలింగ్’ అంటే న్యాయమైన వాడకం తప్పు కాదంది. అమెరికావారి ‘ఫెయిర్ యూజ్’కు తలుపులు ఇంకాస్త బార్లా తెరిచి ఉంటాయి. మన చట్టం ఏయే పనులకు వాడుకోవచ్చో జాబితా ఇచ్చింది. ఆ వాడకం న్యాయమైనదా కాదా తేల్చే పని కోర్టులకు వదిలింది.

ఆ జాబితాలో మన ఇళ్లకు పనికొచ్చేవీ ఉన్నాయి సుమా! అచ్చయిన రచనలో తగుమాత్రం భాగాన్ని నలుగురిలో చదివి వినిపించవచ్చు. టిక్కెట్టు పెట్టకుండా ఔత్సాహికుల బృందం నాటకం వేసుకోవచ్చు. పెళ్లి ఊరేగింపులోనూ, పెళ్లికి సంబంధించిన వేడుకల్లోనూ పాటలు పెట్టుకోవచ్చు.

గమనించారా? చదవవచ్చన్నది ‘తగుమాత్రం భాగాన్ని’. కథంతా కాదు. ‘పది శాతం దాకా ఫరవాలేదు, ముప్పై సెకన్లయితే తప్పులేదు’ అని కొందరు చెబుతుంటారు. అలాంటి లెక్క చట్టంలో ఎక్కడా లేదు. పేరు చెప్పడం మర్యాద. కొన్ని సందర్భాల్లో తప్పనిసరి కూడా. కానీ పేరు చెప్పినంత మాత్రాన అనుమతి తీసుకున్నట్టు కాదు. ఫలానావారి చెట్టని చెప్పి కొమ్మ విరిస్తే, విరిచింది విరిచినట్టే కదా!

చుక్కలు అందరివీ, ముగ్గు ఒకరిది

కథలు రాసేవారికి ఇంకో బెంగ ఉంటుంది. ‘నా ఆలోచన ఎత్తేశారు’ అని. ఇక్కడ కోర్టు మాట కాస్త చేదుగా ఉంటుంది.

ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత ‘హమ్ హిందుస్తానీ’ అనే నాటకం రాశారు. 1954లో దాన్ని ఢిల్లీలో ప్రదర్శించారు. ఇరుగుపొరుగున ఉండే ఒక పంజాబీ కుటుంబం, ఒక మద్రాసీ కుటుంబం. పిల్లలిద్దరూ ప్రేమించుకుంటారు. పెద్దవాళ్లకు ప్రాంతాల పట్టింపు. 1956లో ‘న్యూఢిల్లీ’ అనే హిందీ సినిమా వచ్చింది. కిషోర్ కుమార్, వైజయంతిమాల నటించారు. అందులోనూ ఇదే పట్టింపు. నా నాటకమే తీసేశారని ఆనంద్ కోర్టుకెళ్లారు. కింది కోర్టులో ఓడారు, హైకోర్టులో ఓడారు. 1978లో సుప్రీంకోర్టు కూడా ఆయనకు వ్యతిరేకంగానే చెప్పింది.

ఆలోచన మీద, ఇతివృత్తం మీద, చరిత్ర మీద, పురాణం మీద ఎవరికీ సొంత హక్కు ఉండదంది సుప్రీంకోర్టు. హక్కు ఉండేది దాన్ని చెప్పిన తీరు మీదే. రెండూ చూసిన మామూలు ప్రేక్షకుడికి ‘ఇది అచ్చంగా దాని నకలే’ అనిపించాలి. సినిమాలో వరకట్నం వంటి వేరే విషయాలూ ఉన్నాయి కనుక అలా అనిపించదని తేల్చింది.

ముగ్గు వేసేటప్పుడు చుక్కలు అందరూ పెట్టేవే. వాటిని కలిపిన గీతలే ఆ చేతివి. అత్తాకోడళ్ల కథ నేను రాశానని ఇంకొకరు రాయకూడదంటే తెలుగులో కథలే ఉండవు. నా సన్నివేశాలు, నా సంభాషణలు, నా మలుపులు అదే వరుసలో ఎత్తుకెళితేనే నేరం.

మన తెలుగులోనూ ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2015లో వచ్చిన ‘శ్రీమంతుడు’ సినిమా కథ, స్వాతి పత్రికలో వచ్చిన తన ‘చచ్చేంత ప్రేమ’ నవలలోదేనని రచయిత శరత్ చంద్ర నాంపల్లి కోర్టులో ఫిర్యాదు చేశారు. సినిమావారు కాదన్నారు. దర్శకుడికి సమన్లు అందాయి. కేసు కొట్టేయమని ఆయన వేసిన పిటిషన్‌ను తెలంగాణ హైకోర్టు ఒప్పుకోలేదు. 2024 జనవరిలో సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. అంటే ఆరోపణ రుజువైనట్టు కాదు, విచారణ జరగాలన్నారంతే. అయినా, వారపత్రికల్లో, మాసపత్రికల్లో రాసుకునే మాలాంటివాళ్లకు ఒక సంగతి అర్థమైంది. పత్రికలో అచ్చయిన కథ కూడా కోర్టు దృష్టిలో ఆస్తే.

బంటీని కన్నతల్లి

ఇన్ని కేసుల్లోనూ నా మనసుకు బాగా దగ్గరైంది మన్నూ భండారీ కేసు. ‘రజనీగంధ’ సినిమాకు మూలకథ రాసిన హిందీ రచయిత్రి ఈమె. ఈమె రాసిన ‘ఆప్‌కా బంటీ’ నవలలో తల్లిదండ్రులు విడిపోతారు. మధ్యలో నలిగిపోయేది పసివాడు బంటీ. చివరికి వాణ్ని హాస్టలుకు పంపేస్తారు.

ఆ నవలను సినిమాగా తీసుకునే హక్కు ఆమే అమ్మారు. షబానా ఆజ్మీ, శత్రుఘ్న సిన్హాలతో ‘సమయ్ కీ ధారా’ పేరుతో సినిమా తయారైంది. పేరు మారింది, పాత్రలు మారాయి, సంభాషణలు మారాయి, ముగింపు మారింది. ఇది నా నవల కాదు, నా నవలను వికృతం చేశారని ఆమె కోర్టుకెళ్లారు. ‘హక్కు అమ్ముకున్నాక నీకేం పని?’ అనేది అవతలివారి ధోరణి. కింది కోర్టు ఆమె కోరిన ఉత్తర్వు ఇవ్వలేదు. ఆమె ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు.

1986లో హైకోర్టు చెప్పిన తీర్పు రచయితలందరూ గుర్తుపెట్టుకోదగ్గది. నవల సినిమా అయ్యేటప్పుడు కొన్ని మార్పులు తప్పవు, దర్శకుడికి ఆ వెసులుబాటు ఉండాలంది. ఆమె అభ్యంతరాలన్నిటినీ ఒప్పుకోలేదు కూడా. కానీ డబ్బు తీసుకుని హక్కు రాసిచ్చినంత మాత్రాన రచనకూ రచయితకూ ఉన్న బంధం తెగిపోదంది. 57వ సెక్షన్ కింద రచయితకున్న ప్రత్యేక హక్కు ఒప్పంద పత్రం కంటే పైది అంది. ఈలోగా రెండు పక్షాలూ రాజీకి వచ్చినా, ఇలాంటి ప్రశ్న మళ్లీ వస్తుందని కోర్టు తీర్పు చెప్పింది. 1994లో ఈ సెక్షన్‌ను కొంచెం బిగించారు. రచనను మార్చడం రచయిత గౌరవానికో పేరుకో భంగం కలిగించేలా ఉండాలి, నచ్చకపోవడం ఒక్కటే చాలదు.

కూతుర్ని అత్తారింటికి పంపినంత మాత్రాన తల్లి కాకుండా పోతామా? అక్కడ బిడ్డను కొడుతుంటే ‘ఇచ్చేశాం కదా’ అని ఊరుకుంటామా? మన్నూ భండారీ 2021లో కన్నుమూశారు. ఆమె నిలబెట్టిన ఆ మాట మాత్రం మనకు మిగిలింది.

అవతలివారి పక్షాన కోర్టు నిలిస్తే

ఎప్పుడూ రాసినవారిదే గెలుపనుకోకండి. కేరళలో తోప్పిల్ భాసి 1952లో రాసిన ‘నింగళెన్నె కమ్యూనిస్టాక్కి’ ఎంతో పేరున్న నాటకం. ‘మీరే నన్ను కమ్యూనిస్టును చేశారు’ అని అర్థం. భాసి పోయాక, సివిక్ చంద్రన్ అనే రచయిత దాన్ని విమర్శిస్తూ ఎదురు నాటకం రాశారు. పేరు ‘మీరెవరిని కమ్యూనిస్టును చేశారు?’ పాత నాటకంలోని పాత్రలనూ కొన్ని సంభాషణలనూ తీసుకుని, వాటినే నిలదీశారు. భాసి భార్య అమ్మిణి అమ్మ తదితరులు కోర్టుకెళ్లారు. కింది కోర్టు ప్రదర్శన ఆపమంది.

1996లో కేరళ హైకోర్టు ఆ నిషేధం ఎత్తేసింది. అది మూడు విషయాలు చూసింది. ఎంత తీసుకున్నారు? ఎందుకు తీసుకున్నారు? కొత్తది వచ్చి పాతదాని గిరాకీకి గండి కొడుతుందా? ఎదురు నాటకం చూసినవారు పాత నాటకం చూసినట్టే అనుకుని మానేయరు. తీసుకున్నది విమర్శ కోసం. కనుక అది న్యాయమైన వాడకమే అంది. భర్త రచనను వేలెత్తి చూపుతుంటే ఆ ఇల్లాలికి ఎంత బాధ కలిగిందో నేను ఊహించగలను. కానీ విమర్శకు నోరు కట్టేస్తే సాహిత్యం బతకదు కదా.

ఇక జిరాక్సు కొట్టు కేసు. ఇందులో నేనూ ముద్దాయినే! మా అమ్మాయి డిగ్రీ చదివేటప్పుడు, కొనలేని పుస్తకాల్లో కావలసిన పాఠాలు నంద్యాలలో ఎన్నిసార్లు జిరాక్సు తీయించుకొచ్చానో. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని రామేశ్వరి ఫోటోకాపీ అనే చిన్న కొట్టు మీద 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి వంటి పెద్ద ప్రచురణ సంస్థలు దావా వేశాయి. సిలబస్ ప్రకారం రకరకాల పుస్తకాల్లోంచి కొన్ని కొన్ని పేజీలు తీసి కట్టగా అమ్ముతున్నారని వారి ఫిర్యాదు. చిత్రమేమిటంటే, ఆ కట్టల్లో తమ రచనలున్న రచయితలు కొందరు విద్యార్థుల పక్షాన నిలిచారు.

2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ దావా కొట్టేసింది. ఒకప్పుడు గ్రంథాలయంలో కూర్చుని చేత్తో రాసుకునేవారు, ఇప్పుడు యంత్రం వచ్చింది, అంతమాత్రాన ఆ పని తప్పైపోదు అన్నది న్యాయమూర్తి ఆలోచన. డిసెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, చదువు చెప్పడానికి అవసరమైనంత మేరకు కాపీ చేయవచ్చని చెబుతూనే, ఆ కట్టల్లో ఉన్నదంతా నిజంగా పాఠానికి అవసరమా అన్నది విచారణలో తేల్చమంది. 2017లో ప్రచురణకర్తలే వెనక్కి తగ్గారు. అంటే పుస్తకం మొత్తానికి మొత్తం దొంగతనంగా అచ్చేసి పేవుమెంటు మీద అమ్మడాన్ని కోర్టు ఒప్పుకున్నదని కాదు. పాఠానికి కావలసిన రెబ్బలు కోసుకోనిచ్చిందంతే.

మనం చేయగలిగింది

ఇక నా కథ సంగతి. ఆ మూడు ప్రశ్నలే నాకు నేను వేసుకున్నాను. ఎంత తీసుకుంది? మొత్తం. ఎందుకు? విమర్శకు కాదు, పాఠానికి కాదు, కథ వినిపించడానికే. నా కథ గిరాకీ పోయిందా? పోయింది. జవాబు తెలిసిపోయింది.

అలాగని ఆ అమ్మాయి మీద కేసు పెట్టాలనిపించలేదు. మళ్లీ ఫోను చేశాను. ఈసారి సంతోషమూ కోపమూ లేకుండా విషయం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. “నాకు తెలీదక్కా. ఇంట్లో కూచుని నాలుగు రూపాయలు సంపాదించుకుందామని మొదలుపెట్టినా” అంది. ఆ గొంతులో భయం వినిపించింది. ఆ నాలుగు రూపాయల ఆశ నాకు మాత్రం తెలియదా? చివరికి ఆమె కథంతా తీసేసి, మొదటి రెండు పేజీలు మాత్రం చదివి, నచ్చిందెందుకో చెప్పి, మిగతాది ఏ పుస్తకంలో ఉందో చెప్పింది. ఇప్పుడు ఏ కథ చదవాలన్నా ముందు రచయితకు ఫోను చేసి అడుగుతోందట. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటున్నారట కూడా!

రాసుకునే అక్కచెల్లెళ్లకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

• పత్రికకు పంపిన కథ మీద హక్కు, మీరు ఆ పత్రికలో ఉద్యోగి కాకపోతే, రాసిచ్చేదాకా మీదే. పంపిన తేదీ, అచ్చయిన ప్రతి దాచుకోండి.

• హక్కులు ఇవ్వడం నోటిమాటతో చెల్లదు, కాగితం మీద ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లే. ఎక్కడెక్కడో రాయకపోతే మన దేశానికి మాత్రమే.

• ఒప్పందం రాసుకున్ననాటికి వాడుకలో లేని సాధనాలకు, ప్రత్యేకంగా రాసిస్తే తప్ప, ఆ ఒప్పందం వర్తించదని 2012లో చట్టంలో చేర్చారు. పాత కాగితాలు ఒకసారి తీసి చూసుకోండి.

• కోర్టుకు వెళ్లక తప్పకపోతే అవతలివారుండే నగరానికి పరుగెత్తనక్కర్లేదు. మీరు నివసించే చోటి జిల్లా కోర్టులోనే దావా వేసే వీలును 62వ సెక్షన్ ఇచ్చింది. పెద్ద నగరాలకు ఒంటరిగా వెళ్లలేమని నోరు మూసుకునే మనలాంటివారికి ఇది చిన్న సంగతి కాదు.

• కోర్టుకన్నా ముందు ఒక్క ఫోను చేసి చూడండి.

ఇదంతా చెప్పాక ఒక సంగతి దాచకూడదు. ఒకరోజు రాత్రి పడుకోబోతూ అనుకున్నాను. ‘నన్ను అడగలేదు’ అని ఇంత గింజుకున్నానే, ఆ మాట చెప్పిన మా అవ్వను నేను అడిగానా? ఆలోచన మీద హక్కు ఉండదని చట్టం నన్ను వదిలేసింది సరే, నా మనసు వదలలేదు. మా అవ్వ ఇప్పుడు లేదు. ఉన్నా, “నా మాటకు నా అనుమతేందే పిచ్చిదానా?” అని నవ్వేది. అయినా ఈమధ్య కథల పుస్తకం అచ్చుకిస్తూ, ఆ కథ మొదట్లో ఒక వాక్యం చేర్చాను. ఈ మాట మా అవ్వది, కథగా అల్లిన చేయి మాత్రమే నాది అని.

“అక్కా, రెండు రెబ్బలు కోసుకుంటాను” అని అడగడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? ఆ మాట అంటే చాలు, చాలాసార్లు కొమ్మే వంచి మరీ ఇస్తారు.